పెట్టెలో వేసిన బిళ్ల ఎవరితో మాట్లాడుతుంది?

వేసవి సెలవులు దగ్గర పడుతుంటే మన గ్రూపులో ఏటా వచ్చే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఆవకాయ చెక్-ఇన్‌లో పోనిస్తారా? 23 కిలోలకి అరకిలో ఎక్కువైతే ఊరుకుంటారా? పట్టుచీరలు హ్యాండ్ లగేజీలో పెట్టుకోవడమే మంచిదా? ఈ మధ్య వీటితోపాటు ఇంకో ప్రశ్న పదే పదే కనిపిస్తోంది: "పెట్టెలో ఆ ట్రాకర్ బిళ్ల వేస్తే నిజంగా దొరుకుతుందా?"

జవాబులు కూడా రెండు రకాలుగా వస్తున్నాయి. "వేశాక ప్రాణం హాయిగా ఉందండీ, దోహాలో పెట్టె విమానం ఎక్కేముందు కూడా కనిపించింది" అని కొందరు. "దండగ, ఎక్కడో ఒకచోట ఆగిపోయి అక్కడే చూపిస్తూ కూర్చుంటుంది" అని ఇంకొందరు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పెట్టె సంగతి ఒక్కటే అయితే నేనింత రాయక్కర్లేదు, రెండు ముక్కల్లో గ్రూపులోనే జవాబిచ్చేదాన్ని. కానీ అదే బిళ్లని మనం పిల్లల స్కూలు బ్యాగుకి కడుతున్నాం, మతిమరుపు మొదలైన మామగారి జేబులో వేస్తున్నాం. మనలో ఒకరిద్దరి కార్లలో, వాళ్లకి తెలియకుండా, ఎవరో పెట్టారు కూడా. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఆవు మెడలో గంట

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. ఆ బిళ్లలో జీపీఎస్ ఉంటుందనీ, అది ఉపగ్రహాలతో మాట్లాడి మన ఫోన్‌కి కబురు చెప్తుందనీ చాలామంది అనుకుంటారు. లేదండీ. ఎయిర్‌ట్యాగ్‌లో గానీ, టైల్‌లో గానీ, శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్‌లో గానీ జీపీఎస్ లేదు, సిమ్ లేదు. తను ఎక్కడుందో దానికే తెలీదు.

ఊళ్లో మేతకి వదిలే ఆవు మెడలో గంట కట్టేవాళ్లు, గుర్తుందా? గంటకి దారి తెలీదు, దిక్కు తెలీదు. ఆవు కదిలినప్పుడల్లా మోగుతుంది, అంతే. ఆ పక్కగా పోయే కాపరి ఎవరో విని, సాయంత్రం ఊళ్లోకి వచ్చాక "మీ ఆవు చెరువుగట్టు కింద ఉందమ్మా" అని చెప్పిపోతాడు. బిళ్ల చేసే పని అచ్చం ఇదే. కొద్ది సెకన్లకోసారి బ్లూటూత్‌లో "నేనిక్కడున్నా" అని ఒక చిన్న రేడియో కూత పెడుతుంది. ఆ కూత మామూలుగా ముప్ఫై నలభై అడుగులు, అడ్డం ఏమీ లేకపోతే ఇంకొంచెం దూరం వినిపిస్తుంది. ఆ పక్కనుంచి పోయే ఎవరి ఫోనో దాన్ని విని, తను ఎక్కడుందో ఆ చోటుని తాళం వేసిన ఉత్తరంలా కంపెనీ సర్వర్‌కి పంపేస్తుంది. ఆ తాళం చెవి మీ ఫోన్‌లోనే ఉంటుంది. మీరు యాప్ తెరిస్తే ఆ చోటు మ్యాపు మీద కనిపిస్తుంది. దారిన పోయిన ఆ మనిషికి తన ఫోన్ ఇంత పని చేసిందని తెలియను కూడా తెలియదు.

అంటే మీ పెట్టెని కనిపెట్టేది మీ బిళ్ల కాదు. దాని పక్కనుంచి పోయే పరాయివాళ్ల ఫోన్లు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఆపిల్ వాళ్లు ఎయిర్‌ట్యాగ్‌ని 2021 ఏప్రిల్‌లో తెచ్చారు. బరువు 11 గ్రాములు, వెడల్పు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, లోపల సీఆర్ 2032 అనే వాచీ బ్యాటరీ, సుమారు ఏడాది వస్తుంది. వచ్చినప్పుడు ధర 29 డాలర్లు. టైల్ దానికంటే చాలా ముందే, 2013 నుంచీ ఉంది. మరి ఎయిర్‌ట్యాగ్ రాగానే ఎందుకంత పేరొచ్చిందంటే బిళ్ల గొప్పదని కాదు, దాన్ని వినడానికి అప్పటికే లోకమంతా ఐఫోన్లు ఉన్నాయి గనక. టైల్ కూత వినాలంటే దారిన పోయేవాడి ఫోన్‌లో టైల్ యాప్ ఉండాలి. ఐఫోన్‌కి అలాంటిదేమీ అక్కర్లేదు. గూగుల్ వాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటితో ఇలాంటి నెట్‌వర్కునే 2024 ఏప్రిల్‌లో అమెరికా, కెనడాల్లో మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్ని ఫైండ్ హబ్ అంటున్నారు.

ఇక్కడ మనకి పనికొచ్చే కిటుకు ఒకటుంది. గూగుల్ నెట్‌వర్కు మామూలు సెట్టింగ్‌లో జనం రద్దీగా ఉన్నచోట మాత్రమే పని చేస్తుంది. ఒక్క ఫోన్ విని చెప్తే చాలదు, ఒకటికంటే ఎక్కువ ఫోన్లు వినాలి. ఎవరి ఇల్లు ఎక్కడో బయటపడకూడదని పెట్టిన జాగ్రత్త అది, మంచిదే. కానీ పార్కులో పోయిన తాళాలకి అది పనికిరాదు. సెట్టింగ్స్‌లో ఫైండ్ హబ్‌లోకి వెళ్లి "అన్ని ప్రాంతాల్లో" అనే వరుస ఎంచుకోండి. మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లో అందరి ఫోన్లలోనూ మార్చండి. గంట మోగినప్పుడు వినే చెవులు అవే కదా.

విమానం ఎక్కిన పెట్టె

పెట్టె విషయానికొస్తే ఇది నిజంగా మంచి తోడు. విమానాశ్రయం అంటేనే ఫోన్ల సముద్రం. లోడర్ జేబులో ఫోన్, ట్రాలీ తోసే మనిషి దగ్గర ఫోన్, బెల్టు దగ్గర నిలబడ్డ మూడొందల మంది దగ్గరా ఫోన్లు. గాల్లో ఉన్నంతసేపు మాత్రం చాలాసార్లు పాత చోటే చూపిస్తుంది. "నాలుగు గంటలుగా డాలస్‌లోనే ఉందంటోంది" అని అట్లాంటిక్ మీద కంగారు పడకండి. దిగాక అరగంట ఆగి చూడండి.

మనవాళ్లు చేసే ఒక పని మాత్రం వద్దు. భద్రంగా ఉంటుందని బిళ్లని స్టీలు డబ్బాలో, అరిసెల మధ్యో సున్నుండల కిందో పెట్టేస్తారు. లోహం రేడియో తరంగాలని ఆపేస్తుంది. డబ్బాలో పెట్టిన బిళ్ల బావిలోకి దిగి అరిచినట్టే. బట్టల మధ్య, పెట్టె అంచుకి దగ్గరగా, లోపలి జిప్పు అరలో పెట్టండి. బయట వేలాడదీస్తే ఊడిపోవచ్చు, ఎవరైనా తీసి పారేయనూ వచ్చు.

దీని వల్ల ఏం ఒరుగుతుందో మా డాలస్ గ్రూపులో ఒకావిడ అనుభవంతో చెప్తాను. కూతురి పెళ్లికి విజయవాడలో కుట్టించిన బ్లౌజులన్నీ ఒకే పెట్టెలో వేసుకుని వచ్చారు. పెట్టె రాలేదు. విమానసంస్థ కౌంటర్లో "తర్వాతి ఫ్లైటులో ఎక్కించేశాం, రేపు వస్తుంది" అన్నారు. ఆవిడ ఫోన్‌లో మాత్రం పెట్టె మధ్యలో దిగిన ఊరి టెర్మినల్‌లోనే ఉంది, అదీ అయిదు నిమిషాల కిందటి కబురు. రెండు రోజులు ఫోన్లు చేసి, స్క్రీన్‌షాట్లు పంపి, "మీ కంప్యూటర్ ఏం చెప్తోందో నాకు వద్దు, ఆ మూలకి మనిషిని పంపండి" అని పట్టుబడితే మూడో రోజున కదిలింది. బిళ్ల పెట్టెని తేలేదు. ఆవిడ మాటకి రుజువు తెచ్చింది. కౌంటర్ దగ్గర మన యాసని, మన కంగారుని చూసి మాట తీసిపారేసే చోట ఆ రుజువు విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అంత పోట్లాట అక్కర్లేకుండా ఒక దారి వచ్చింది. 2024 డిసెంబరులో వచ్చిన ఐఓఎస్ 18.2 నుంచి, పోయిన వస్తువు ఎక్కడుందో ఒక లింకుగా చేసి విమానసంస్థకి పంపొచ్చు. యునైటెడ్, డెల్టా, బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ లాంటివి దీన్ని తీసుకుంటామని చెప్పాయి. పెట్టె మీ చేతికి రాగానే ఆ లింకు ఆగిపోతుంది, లేకపోయినా వారం రోజుల్లో దానంతట అదే పోతుంది. మీరే ఎప్పుడైనా ఆపేయొచ్చు కూడా. విచిత్రం ఏమిటంటే, అదే లుఫ్తాన్సా 2022 అక్టోబరులో చెక్-ఇన్ పెట్టెల్లో పని చేస్తున్న ఎయిర్‌ట్యాగ్ ఉండకూడదని చెప్పి, అంతా గోల చేశాక, జర్మనీ విమానయాన అధికారులతో మాట్లాడి కొద్దిరోజుల్లోనే మాట మార్చుకుంది. బ్యాటరీ అంత చిన్నదైతే ప్రమాదం లేదని అమెరికా నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి. ఎవరైనా కౌంటర్లో తీసేయమంటే నిదానంగా అడగండి, "ఏ నిబంధన ప్రకారం?" అని.

విమానసంస్థలు మాత్రం తమ లెక్క తాము ఉంచుకోవా అంటే, ఉంచుకుంటాయి. పెట్టె తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, మధ్యలో చేతులు మారినప్పుడు, తిరిగి మనకి ఇచ్చినప్పుడు, ఈ నాలుగు చోట్లా నమోదు చేయాలని 2018 జూన్ నుంచి అంతర్జాతీయ నియమం ఉంది. కొన్ని సంస్థలు హ్యాండిల్‌కి చుట్టే కాగితం చీటీలోనే రేడియో చిప్ పెడతాయి, డెల్టా 2016 నుంచి అలా చేస్తోంది. ఆ చిప్‌కి బ్యాటరీ ఉండదు. ఇండియాలో మన కార్ల అద్దాల మీద అంటించే ఫాస్టాగ్ లాంటిదే అది. టోల్‌గేటు దగ్గర రీడర్ పంపే రేడియో తరంగం నుంచే కాస్త శక్తి తీసుకుని తన నంబరు చెప్తుంది. గేటు దాటాక మళ్లీ మూగదే. అందుకే సంస్థ కంప్యూటర్‌కి మీ పెట్టె ఏ గేటు దాటిందో తెలుస్తుంది గానీ, దాటాక ఏ మూలన పడి ఉందో తెలీదు. ఆ ఖాళీనే మీ బిళ్ల పూరిస్తుంది.

వినేవాళ్లు లేని చోట

ఇక ఆరుబయటకి రండి. అసలు చిక్కంతా ఇక్కడే.

పార్కులో గడ్డిలో కారు తాళాలు పడిపోయాయి. మంచిది, దొరుకుతాయి. దగ్గరకి వెళ్తే కొత్త ఐఫోన్లలో బాణం గుర్తుతో "పన్నెండు అడుగులు, కుడివైపు" అని చూపిస్తుంది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే ఇంకో రకం రేడియో, దగ్గర దూరాల్ని బాగా కొలుస్తుంది. లేదా బిళ్లని కూత పెట్టించి చెవితోనే వెతకొచ్చు.

అదే తాళాలు కొండదారిలో, మనుషులు తిరగని చోట పడితే? బిళ్ల కూస్తూనే ఉంటుంది, చెట్లు వింటాయి. ఊళ్లో ఉన్న అమ్మ కోసం ఎయిర్‌ట్యాగ్ కొని తీసుకెళ్తున్నవాళ్లు ఇది ఆలోచించుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయంలో ఐఫోన్లకి కొదవ లేదు. కానీ ఇండియాలో ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఆండ్రాయిడ్. మీ ఊరి బస్టాండులో అమ్మ పర్సు మర్చిపోతే ఎయిర్‌ట్యాగ్ కంటే గూగుల్ నెట్‌వర్కుకి కలిసే బిళ్లకే వినేవాళ్లు ఎక్కువ. అమెరికాలో మన చేతిలో ఐఫోన్ ఉంది కదా అని అక్కడ కూడా అదే కొనేస్తే, గంట ఒక ఊళ్లో, చెవులు ఇంకో ఊళ్లో అన్నట్టుంటుంది.

పిల్లలకి కట్టడం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వద్దు. మాల్‌లో అయితే పని చేస్తుంది, నేషనల్ పార్కు ట్రెయిల్‌లో చేయదు. ఎక్కడ పిల్లవాడు తప్పిపోతే మనకి గుండె ఆగుతుందో సరిగ్గా అక్కడే అది మూగబోతుంది. ఇది వస్తువుల కోసమే గానీ మనుషుల కోసమో పెంపుడు జంతువుల కోసమో కాదని తయారు చేసినవాళ్లే చెప్తున్నారు. పిల్లలకి కావాలంటే జీపీఎస్, సిమ్ రెండూ ఉన్న వాచీ కొనండి, నెలనెలా డబ్బు కట్టాలి, అయినా సరే.

ఆ బ్యాటరీ మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాణెంలాంటి ఈ బ్యాటరీలు పసిపిల్లల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత ప్రమాదం. అమెరికాలో 2022లో రీసెస్ లా అని దీనికోసమే ఒక చట్టం వచ్చింది. ఎయిర్‌ట్యాగ్ మూత నొక్కి తిప్పితే వచ్చేస్తుంది, సరిగ్గా పట్టకపోతే దానంతట అదే ఊడొచ్చు. మింగారని అనుమానం వస్తే వాంతి చేయించొద్దు, ఎక్స్‌రే ఉన్న ఎమర్జెన్సీకి వెంటనే పరుగెత్తండి. అమెరికాలో విషనివారణ ఫోన్ 1-800-222-1222, దారిలోనే చేయొచ్చు. ఇంకో చిన్న సంగతి: పిల్లలు ఉమ్మేయాలని చేదు పూత పూసిన బ్యాటరీలు దొరుకుతాయి. మంచివే గానీ కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో పని చేయవు. కొన్నాక వేసి, కూత వస్తోందో లేదో చూసుకోండి.

మరి మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ల సంగతేమిటి? ఆరునెలలకని వచ్చిన అత్తగారు పొద్దున్నే తలుపు తీసుకుని, ఊళ్లో గుడికి వెళ్తున్నాననుకుని మంచులోకి నడిచి వెళ్లిపోవడం మన సబ్‌డివిజన్లలో జరగని విషయం కాదు. దారి అడగడానికి ఇంగ్లీషు రాదు. ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. అమెరికాలో దీనికోసం చాలా కౌంటీల్లో ప్రాజెక్ట్ లైఫ్‌సేవర్ అనే ఏర్పాటు ఉంది. 1999లో వర్జీనియాలోని చెసపీక్‌లో మొదలైంది. చేతికి వాచీలాంటి పట్టీ కడతారు. అది సెకనుకోసారి రేడియో సిగ్నల్ ఇస్తుంది. మనిషి కనిపించలేదని ఫోన్ చేస్తే, షెరిఫ్ ఆఫీసు వాళ్లు దిక్కు పసిగట్టే యాంటెన్నా చేత్తో పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. తేడా గమనించారా? ఇక్కడ గంట ఎవరికో యాదృచ్ఛికంగా వినపడాల్సిన పని లేదు. వినడానికే మనిషి బయల్దేరి వస్తాడు. ఫోన్లు లేని చెట్ల మధ్య కూడా, మైలు దూరం నుంచి కూడా దొరకడానికి కారణం అదే. మీ కౌంటీలో ఉందో లేదో షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లని చేర్చుకుంటారా అని కూడా ముందే అడగండి.

ఈ పద్ధతి మనుషుల కంటే ముందు జంతువుల మీద వచ్చింది. 1961లో యెల్లోస్టోన్ పార్కులో క్రెయిగ్‌హెడ్ అన్నదమ్ములు గ్రిజ్లీ ఎలుగుబంటి మెడకి రేడియో పట్టీ కట్టి, యాంటెన్నా పట్టుకుని కొండలన్నీ తిరిగారు. ఇప్పుడు అది సీతాకోకచిలుక దాకా వచ్చింది. అర గ్రాము బరువుండే మోనార్క్ సీతాకోకచిలుక వీపు మీద, సుమారు 60 మిల్లీగ్రాముల బిళ్ల, బ్యాటరీ లేకుండా ఎండతోనే నడుస్తుంది. తయారు చేసింది మన ఎడిసన్ వాళ్ల సొంత రాష్ట్రం న్యూజెర్సీ కంపెనీయే. మెక్సికో దాకా ఎగిరే దాని దారిని కూడా మామూలు ఫోన్లే బ్లూటూత్‌లో విని చెప్తున్నాయి. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన ఒకే ఒక్క గూఢచర్యం ఇదే.

మనకి తెలియకుండా కట్టిన గంట

1945 ఆగస్టులో మాస్కోలో, సోవియట్ బడిపిల్లలు అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రని బహుమతిగా ఇచ్చారు. ఆయన దాన్ని తన ఇంట్లో గోడకి తగిలించుకున్నారు. లోపల రహస్యంగా మాటలు వినే పరికరం ఉందని 1952లో గానీ తెలియలేదు. బ్యాటరీ లేదు, తీగ లేదు. బయటినుంచి ఎవరో రేడియో తరంగం పంపినప్పుడే అది పలికేది. ఫాస్టాగ్‌కి తాతలాంటిది అనుకోండి. చేసినవాడు లియాన్ థెరెమిన్. అంత చిన్న వస్తువుని గోడమీద బహుమతిలా పెట్టడానికి అప్పుడు ఒక ప్రభుత్వం కావాల్సి వచ్చింది. ఇప్పుడు ముప్ఫై డాలర్లు చాలు.

మన గ్రూపు చెల్లెలు ఒకామె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, ఊరు మాత్రం రాయను. భర్త నుంచి వేరుగా ఉండబట్టి నాలుగు నెలలు. ఆమె ఆండ్రాయిడ్ ఫోన్‌లో "అన్‌నోన్ ట్రాకర్" అని ఒక నోటిఫికేషన్ రెండు వారాలుగా వస్తూ ఉంది. ఏదో ప్రకటన అనుకుని పక్కకి తోసేసింది. ఒక ఆదివారం గుడి పార్కింగ్‌లో విసుగొచ్చి నొక్కింది. మ్యాపు వచ్చింది. మ్యాపు మీద చుక్కలు: గుడి, పిల్లాడి స్కూలు, స్నేహితురాలి ఇల్లు, లైబ్రరీ. లైబ్రరీకి ఆమె వెళ్తున్నది ఉచిత న్యాయసలహా కోసం. స్పేర్ టైరు కింద, నల్ల టేపు చుట్టి ఉంది బిళ్ల.

ఆమె దాన్ని పీకి పారేయలేదు. అదే మంచిదైంది. పారేస్తే ఆ క్షణమే అతనికి తెలిసిపోతుంది, తర్వాత అతనేం చేస్తాడో తెలీదు. కారుని గుడి దగ్గరే వదిలి స్నేహితురాలి కారులో వెళ్లి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది.

కాబట్టి ఆ నోటిఫికేషన్‌ని తోసేయకండి. ఎయిర్‌ట్యాగ్ వచ్చిన కొత్తలో ఐఫోన్లకే ఈ హెచ్చరిక వచ్చేది. ఆండ్రాయిడ్ వాడే ఆడవాళ్లకి దిక్కు లేదు. యజమానికి దూరంగా ఉన్న బిళ్ల దానంతట అది కూయడానికి కూడా మొదట్లో మూడు రోజులు పట్టేది. గోలయ్యాక 2021 జూన్‌లో దాన్ని 8 నుంచి 24 గంటలకి తగ్గించారు. ఆపిల్, గూగుల్ కలిసి ఒక ఉమ్మడి పద్ధతి తెస్తామని 2023 మేలో చెప్పి, 2024 మేలో తెచ్చాయి. ఇప్పుడు ఐఓఎస్ 17.5 దాటిన ఐఫోన్లకీ, ఆండ్రాయిడ్ 6 దాటిన ఫోన్లకీ, ఆ పద్ధతి పాటించే బిళ్ల ఏ కంపెనీదైనా, వెంట తిరుగుతుంటే హెచ్చరిక వస్తుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో "సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ"లోకి వెళ్తే మీరే ఒకసారి వెతికించుకోవచ్చు. బిళ్ల దొరికితే తెల్లవైపు ఫోన్ వెనక ఆనించండి. దాని నంబరూ, యజమాని ఫోన్ చివరి అంకెలూ కనిపిస్తాయి. ఫొటో తీసుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోలీసులు అడిగేది అవే.

కానీ దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు. బిళ్ల యజమానికి దూరంగా ఉన్నప్పుడే ఈ హెచ్చరిక. ఒకే ఇంట్లో ఉండే మనిషి పెడితే రోజూ రాత్రి అది అతని ఫోన్ పక్కకే వస్తుంది కాబట్టి హెచ్చరిక ఆలస్యం కావచ్చు, రాకపోనూ వచ్చు. స్పీకర్ పీకేసిన బిళ్ల కూయదు. సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్లు బ్లూటూత్‌లో మాట్లాడవు కాబట్టి మీ ఫోన్‌కి దొరకవు, వాటికి మెకానిక్ చేత కారు కింద వెతికించడమే. ఇంకా ముఖ్యమైనది, మీ ఫోన్ కొన్నరోజు మీ ఆపిల్ ఐడీ, పాస్‌వర్డ్ పెట్టింది ఎవరు? ఆయనే అయితే ఏ బిళ్లా అక్కర్లేదు. ఐఫోన్‌లో ప్రైవసీ సెట్టింగ్స్ కింద "సేఫ్టీ చెక్" అని ఉంది, మీరున్న చోటు ఎవరెవరికి వెళ్తోందో ఒకేచోట చూపిస్తుంది. ఒక్కసారి తెరిచి చూడండి.

"మొగుడే కదా, తెలిస్తే తప్పేముంది, దాచడానికి ఏముంది?" అంటారు మనలోనే కొందరు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకుని ఒకరి లొకేషన్ ఒకరు చూసుకోవడం వేరు. నేనూ మా ఇంట్లో అలాగే చూస్తాను, పాలు తెమ్మని చెప్పడానికి. చెప్పకుండా పెట్టడం వేరు. ఈ రెండింటికీ తేడా చెప్పలేనివాళ్లు సలహా ఇవ్వకుండా ఉంటే మేలు.

చట్టం సంగతి. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చాలా రాష్ట్రాల్లో ఇంకొకరి కారులో వాళ్ల అనుమతి లేకుండా ట్రాకర్ పెట్టడం నేరమే. కానీ ఆ అనుమతి ఎవరిది? కారు ఎవరి పేర ఉందో వాళ్లది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన మనలో ఎంతమందికి, మనం రోజూ నడిపే కారు మన పేర ఉంది? రిజిస్ట్రేషన్ కాగితం గ్లోవ్‌బాక్సులోనే ఉంటుంది, ఈరోజే తీసి చూడండి. కారు ఉమ్మడి పేర ఉంటే ఏం వర్తిస్తుందో లాయర్నే అడగాలి.

అమెరికా గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. తెలుగులో మాట్లాడాలంటే దుబాసీని అడగొచ్చు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి మన దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే పని చేస్తున్నాయి. వీసా చిక్కులు, అత్తింటి చిక్కులు వాళ్లకి మొదట్నించీ విప్పి చెప్పక్కర్లేదు. ఫోన్ చేసేటప్పుడు మాత్రం అనుమానం ఉన్న ఫోన్ నుంచి కాకుండా వేరేవాళ్ల ఫోన్ నుంచి చేయండి.

అమ్మ ఫోన్ మోగితే

చివరగా ప్రయాణం వాళ్లకి ఒక మాట. అమ్మ తిరుగు ప్రయాణంలో పెట్టెలో మీ బిళ్ల వేసి పంపుతారు. మీరు ఇక్కడ, బిళ్ల అక్కడ, పక్కన అమ్మ ఫోన్. హైదరాబాదులో దిగి ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఫోన్‌లో "మీ వెంట ట్రాకర్ ఉంది" అని వస్తుంది. పైన చెప్పిన హెచ్చరికే ఇది, దాని పని అది సరిగ్గానే చేస్తోంది. కానీ అర్ధరాత్రి ఆ మాట చూసి పెద్దావిడ హడలిపోతారు. ముందే చెప్పండి, బిళ్ల చేతికిచ్చి చూపించండి, ఎందుకు వేస్తున్నారో చెప్పండి. వద్దంటే వేయకండి. అమ్మ దగ్గర ఐఫోన్ ఉంటే ఐఓఎస్ 17 నుంచి ఒక ఎయిర్‌ట్యాగ్‌ని మరో అయిదుగురితో పంచుకోవచ్చు, అప్పుడు ఆ హెచ్చరిక రాదు, పెట్టె ఎక్కడుందో ఆవిడకీ కనిపిస్తుంది. ఇల్లు చేరాక బ్యాటరీ తీసి పక్కన పెట్టేయమనండి, మనవడికి అందనంత ఎత్తులో. మళ్లీ కావాలంటే సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో దొరుకుతుంది.